కావేరిపాక్కం నుంచి ఏ మెడికల్ కాలేజీకి?

తమిళనాడు రాణిపేట జిల్లాలోని కావేరిపాక్కం దగ్గర హైవే ఎక్కి చెన్నై వైపు వెళ్తే దారి పొడుగునా డీమ్డ్ యూనివర్సిటీల మెడికల్ కాలేజీలే తగులుతాయి. కాంచీపురం పక్కన ఏనాత్తూరులో మీనాక్షి, తండలంలో సవీత, ఇంకా ముందుకు పోతే పోరూరులో శ్రీరామచంద్ర. అదే హైవే మీద పడమటికి తిరిగితే వేలూరు వస్తుంది. అక్కడ ఊరి నడిబొడ్డున క్రిస్టియన్ మెడికల్ కాలేజీ (సీఎంసీ) ఆసుపత్రి, తిరువణ్ణామలై రోడ్డులో అడుక్కంపారై సర్కారు కాలేజీ. కాట్పాడి దాటి ఉత్తరానికి పోతే ఆంధ్ర సరిహద్దు. చిత్తూరులో అపోలో, కుప్పంలో పీఈఎస్, తిరుపతిలో 1960 నాటి ఎస్వీ మెడికల్ కాలేజీ, దాని పక్కనే అమ్మాయిల కోసం 2014లో మొదలైన శ్రీ పద్మావతి కాలేజీ. సర్కారు, మిషనరీ, ప్రైవేటు, డీమ్డ్, పొరుగు రాష్ట్రం అంటూ దేశంలో ఉన్న రకాలన్నీ ఒక పూట ప్రయాణంలో చూసి రావచ్చు.

కళ్ల ముందు ఇన్ని ఉన్నా ఇక్కడి తెలుగింటి పిల్లకు అన్నీ ఒకేలా అందవు. ఏ తలుపు తెరుచుకుంటుందో, ఏది మూసుకుంటుందో నీట్ ర్యాంకు ఒక్కటే తేల్చదు. పిల్ల ఆరో తరగతి ఏ బడిలో చదివింది, తొమ్మిది నుంచి ప్లస్ టూ దాకా ఏ రాష్ట్రంలో చదివింది, ఇంట్లో ఏ సర్టిఫికెట్లు ఉన్నాయి, చేతిలో ఎంత డబ్బు ఉంది అన్నవి కూడా తేలుస్తాయి. చాలా ఇళ్లలో ఈ సంగతి తెలిసేది ఫలితాలు వచ్చాకే. అప్పటికి సగం నిర్ణయాలు జరిగిపోయి ఉంటాయి.

ముందు లెక్క చూడాలి. 2025లో నీట్ రాసినవారు 22 లక్షలకు పైగా, అర్హత సాధించినవారు 12 లక్షలకు పైగా. దేశమంతా కలిపి ఎంబీబీఎస్ సీట్లు లక్షా ఇరవై వేల దరిదాపు. వాటిలో సర్కారు సీట్లు సుమారు సగం. ఆ ఏడాది జనరల్ విభాగంలో అర్హత మార్కు 144, మొదటి ర్యాంకు వచ్చిన మార్కులు 686. 'క్వాలిఫై అయ్యింది' అని బంధువులకు ఫోన్లు చేసి సంతోషపడే తల్లిదండ్రులు గుర్తుంచుకోవాల్సింది ఈ రెండు అంకెల మధ్య దూరాన్నే. 144 వస్తే డబ్బు కట్టి చేరే సీటుకు అర్హత దొరుకుతుంది. సర్కారు సీటు దానికి చాలా చాలా పైన ఉంటుంది.

తమిళనాడులో ఈ పరీక్ష చరిత్ర వేరు. 2006లో చేసిన చట్టంతో ఇక్కడ ప్రవేశ పరీక్ష ఎత్తేశారు. 2007 నుంచి ప్లస్ టూ మార్కులతోనే పిల్లలు మెడిసిన్‌లో చేరారు. 2017లో నీట్ తప్పనిసరి కాగానే సర్కారు బడి పిల్లలు జాబితాల్లోంచి దాదాపు మాయమయ్యారు. జస్టిస్ కలైయరసన్ కమిషన్ ఈ సంగతి పరిశీలించాక 2020లో రాష్ట్రం మరో చట్టం తెచ్చింది. ఆరు నుంచి ప్లస్ టూ దాకా సర్కారు బడిలో చదివి నీట్‌లో అర్హత పొందిన పిల్లలకు రాష్ట్ర కోటాలో 7.5 శాతం సీట్లు విడిగా ఇస్తారు. తొలి ఏడాదే మూడు వందలకు పైగా ఎంబీబీఎస్ సీట్లు వారికి దక్కాయి. ప్రైవేటు కాలేజీలో సీటు వచ్చినా వారి ఫీజు ప్రభుత్వమే కడుతుంది.

ఈ కోటాలో చేరడానికి కావాల్సిన మార్కులు జనరల్ జాబితా కంటే బాగా తక్కువ. వేలూరు జిల్లా గుడియాత్తంలో మగ్గం మీద లుంగీలు నేసే ఇంటికి, బీడీలు చుట్టే ఇంటికి ఇంతకన్నా పెద్ద దారి లేదు. కానీ ఒక షరతు ఉంది. మధ్యలో ఒక్క ఏడాది ఫీజు కట్టి ప్రైవేటు బడికి మార్చినా హక్కు పోతుంది. ఎయిడెడ్ బడి కూడా లెక్కలోకి రాదు. ఇంగ్లీషు మీడియం మోజులో ఏడో తరగతిలో పిల్లను కాన్వెంటుకు మార్చి, రెండేళ్లకు ఫీజు కట్టలేక మళ్లీ సర్కారు బడికి తెచ్చే ఇళ్లు ఈ ప్రాంతంలో తక్కువేమీ కాదు. ఆ రెండేళ్లు ఒక డాక్టర్ సీటును మింగేస్తాయని ఆ రోజు వారికి చెప్పేవాళ్లుండరు.

రెండో ఉచ్చు సరిహద్దు దగ్గర ఉంది. 1911 దాకా చిత్తూరు ఉత్తర ఆర్కాటు జిల్లాలోదే. పెళ్లి సంబంధాలు, పొలాలు, ఆసుపత్రి రాకపోకలు ఇప్పటికీ గీత దాటే సాగుతున్నాయి. దాంతో 'మనవాళ్లే కదా, తిరుపతిలో లోకల్ సీటు రాదా' అనుకోవడం సహజం. రాదు. 371-డి అధికరణం కింద వచ్చిన ఉత్తర్వుల ప్రకారం ఆంధ్రలో లోకల్ అనిపించుకోవాలంటే పరీక్షకు ముందు వరసగా నాలుగేళ్లు, అంటే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా అక్కడే చదివి ఉండాలి. ఇంట్లో తెలుగు మాట్లాడినంత మాత్రాన లోకల్ కారు. తెలంగాణ కూడా 2024లో ఈ నాలుగేళ్ల నిబంధననే గట్టి చేసింది, 2025లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది.

పదో తరగతి ఇక్కడ చదివి, ఇంటర్‌కు తిరుపతో నెల్లూరో విజయవాడో కార్పొరేట్ కాలేజీ హాస్టల్‌కు వెళ్లే పిల్లల పరిస్థితి ఇంకా చిక్కు. రెండేళ్లే చదివారు కాబట్టి ఆంధ్రలో లోకల్ కారు. తమిళనాడులో ఆరు నుంచి పన్నెండు దాకా చదివినవారికి వచ్చే సులువు కూడా పోతుంది. తాలూకా ఆఫీసు నుంచి నేటివిటీ సర్టిఫికెట్, తల్లిదండ్రుల చదువు, నివాసం పత్రాలు చూపించి రాష్ట్ర కోటా నిలబెట్టుకోవాలి. ఆ కాగితాలు ఇంటర్‌కు పంపే ముందే తయారు పెట్టుకోవడం మంచిది. కౌన్సెలింగ్ గడువు నాలుగు రోజులుంటే సర్టిఫికెట్ పది రోజులు పట్టొచ్చు.

పరీక్ష భాషలోనూ ఇలాంటి మెలికే ఉంది. నీట్‌ను తెలుగులో రాయొచ్చని అందరికీ తెలుసు. అయితే తెలుగు ప్రశ్నపత్రం ఇచ్చేది ఆంధ్ర, తెలంగాణ పరీక్షా కేంద్రాల్లోనే. తమిళనాడు కేంద్రంలో అది దొరకదు. తెలుగులో రాయదలచిన గుడియాత్తం పిల్ల దరఖాస్తులోనే చిత్తూరో తిరుపతో ఎంచుకోవాలి.

కులం సర్టిఫికెట్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. తమిళనాడులో మొత్తం రిజర్వేషన్ 69 శాతం. ఎస్సీల 18 శాతంలో 3 శాతాన్ని 2009లో అరుంధతీయులకు విడిగా కేటాయించారు. వీరిలో చాలామంది ఇంటి భాష తెలుగు. 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు ఎస్సీ వర్గీకరణను సమర్థించినప్పుడు ఈ కేటాయింపూ నిలబడింది. కేంద్రం నడిపే ఆల్ ఇండియా కోటాలో మాత్రం రాష్ట్ర జాబితా చెల్లదు, కేంద్ర ఓబీసీ జాబితా చూస్తారు. ఒకే పిల్లకు రెండు కౌన్సెలింగుల్లో రెండు వేర్వేరు సర్టిఫికెట్లు కావాల్సి రావచ్చు.

ఇక కాలేజీల మాటకు వద్దాం. అడుక్కంపారై కాలేజీ 2005లో వచ్చింది. అంతకు ముందు జిల్లాకు పెద్ద దిక్కు వేలూరు ఊళ్లోని పెంట్‌లాండ్ ఆసుపత్రి. ఈ సర్కారు కాలేజీలో నూరు సీట్లు. పదిహేను శాతం ఆల్ ఇండియా కోటాకు పోగా మిగతావి రాష్ట్రానివే. ట్యూషన్ ఫీజు ఏడాదికి ఇరవై వేల లోపే. ప్రైవేటు కాలేజీలో ఒక నెలకు అయ్యే ఖర్చుతో ఇక్కడ ఒక ఏడాది గడిచిపోతుంది.

సర్కారు కాలేజీల మీద తల్లిదండ్రులకు ఒక అనుమానం ఉంటుంది: గోడలు పాతవి, హాస్టల్ ఇరుకు, పరికరాలు తక్కువ. అందులో నిజం లేకపోలేదు. కానీ వైద్యం నేర్చుకునేది గోడల దగ్గర కాదు కదా. రోడ్డు ప్రమాదం, పాముకాటు, పురుగుమందు తాగిన కేసు, నెలలు నిండకుండా వచ్చిన కాన్పు, ముదిరిన చక్కెర జబ్బు, టీబీ, ఇవన్నీ రాత్రనక పగలనక వచ్చేది జిల్లా సర్కారు ఆసుపత్రికే. హౌస్ సర్జన్‌గా ఉన్న ఏడాదిలో ఒక అమ్మాయి తన చేతులతో ఎన్ని కాన్పులు చేసింది, ఎన్ని కుట్లు వేసింది, ఎన్నిసార్లు ఊపిరి అందని మనిషికి గొట్టం వేసింది అన్నదే ఆమె తర్వాతి ముప్పై ఏళ్లను నిలబెడుతుంది.

సీఎంసీ కథ వేరు, దానికి కొంచెం ఎక్కువ చోటు ఇవ్వాలి. దాన్ని స్థాపించిన ఐడా స్కడర్ పుట్టింది ఈ నేల మీదే, 1870లో, రాణిపేటలో. 1900లో వేలూరులో ఒక్క మంచంతో దవాఖానా పెట్టి, 1918లో ఆడపిల్లలకు మాత్రమే మెడికల్ స్కూలు తెరిచారు. అనుమతి ఇచ్చిన పెద్దలు మూడు దరఖాస్తులు వస్తే గొప్పే అన్నారనీ, నూట యాభైకి పైగా వచ్చాయనీ చెబుతారు. ఆ రోజుల్లో అది ఎల్‌ఎంపీ డిప్లొమా ఇచ్చే స్కూలు. అప్పుడు కూడా 'ఏ రకం' అన్న ప్రశ్న ఉండేది. డిగ్రీ కావాలంటే 1835లో పుట్టిన మద్రాసు మెడికల్ కాలేజీ, తెలుగువారికి 1923 నుంచి విశాఖపట్నంలో ఆంధ్ర మెడికల్ కాలేజీ. తక్కువ ఖర్చుతో, తక్కువ కాలంలో పల్లె వైద్యం చేయాలంటే ఎల్‌ఎంపీ. 1938లో మద్రాసు ప్రభుత్వం ఎల్‌ఎంపీకి స్వస్తి చెప్పింది. రాయపురం స్కూలు ఆ ఏడాదే స్టాన్లీ మెడికల్ కాలేజీ అయింది. వేలూరు స్కూలు మూతపడే స్థితికి వచ్చి, ఐడా డెబ్బయ్యేళ్ల వయసులో అమెరికా వెళ్లి విరాళాలు కూడగట్టాక 1942లో ఎంబీబీఎస్ కాలేజీగా నిలబడింది. మగపిల్లలకు 1947లో తలుపు తీశారు.

ఇప్పుడు అక్కడ నూరు సీట్లు. పేరు చూసి ఆశపడే ప్రతి ఒక్కరూ ముందు తెలుసుకోవాల్సింది సీట్ల పంపకం. అది క్రైస్తవ మైనారిటీ సంస్థ. ఎక్కువ సీట్లు క్రైస్తవ కోటాకీ, చర్చి సంఘాల స్పాన్సర్‌షిప్ ఉన్నవారికీ పోతాయి. ఆంధ్ర, తెలంగాణల్లోని పలు చర్చి సంఘాలు కూడా పిల్లలను స్పాన్సర్ చేస్తాయి. అందరికీ తెరిచి ఉండేవి కొద్ది సీట్లే, వాటికి దేశమంతా పోటీ. స్పాన్సర్‌షిప్‌తో చేరినవారు చదువయ్యాక రెండేళ్లు మిషన్ ఆసుపత్రిలో పనిచేయాలి. ఒకప్పుడు దరఖాస్తుదారులను బాగాయం క్యాంపస్‌కు పిలిచి కొన్ని రోజులపాటు రకరకాలుగా పరీక్షించి ఎంచుకునేవారు. నీట్ వచ్చాక ఆ పద్ధతి వదులుకోలేక 2017లో ఎంబీబీఎస్‌కు ఒకే ఒక్కరిని చేర్చుకుని తక్కిన 99 సీట్లు ఖాళీగా ఉంచారు. 2020 ఏప్రిల్ 29న సుప్రీంకోర్టు మైనారిటీ కాలేజీలకూ నీట్ వర్తిస్తుందని తీర్పు చెప్పడంతో ఆ వివాదం ముగిసింది.

సీఎంసీలో ఫీజు ప్రైవేటు కాలేజీల దరిదాపుల్లో కూడా ఉండదు. పాల్ బ్రాండ్ కుష్ఠు రోగుల వంకర్లు పోయిన వేళ్లకు శస్త్రచికిత్స చేసి కదలిక తెచ్చింది ఇక్కడే. అయినా కొత్తగా చేరే విద్యార్థికి అంతకన్నా ముఖ్యమైన సంగతి ఒకటుంది. మొదటి ఏడాదిలోనే పిల్లలను పల్లెకు తీసుకెళ్తారు. అక్కడే బస చేసి, ఇంటింటికీ తిరిగి, ఎవరు ఏం తింటున్నారు, నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయి, బిడ్డలు ఎందుకు చనిపోతున్నారు అని రాసుకుంటారు. కాట్పాడి నుంచి గుడియాత్తం వచ్చే దారిలో కె.వి.కుప్పం దగ్గర 1977 నుంచి నడుస్తున్న సీఎంసీ వారి గ్రామీణ ఆరోగ్య కేంద్రం రూసా ఈ ఆలోచనకు పుట్టిన బిడ్డే. పల్లెలో పనిచేయాలన్న కోరిక నిజంగా ఉన్న పిల్లకు, అర్హత కూడా ఉంటే, దీన్ని మించిన చోటు లేదు. ఆ కోరిక లేకుండా పేరు కోసం చేరితే ఆ రెండేళ్లు బరువవుతాయి.

ప్రైవేటు కాలేజీల్లో ప్రధానంగా రెండు రకాలు కలగాపులగంగా కనిపిస్తాయి. ఎంజీఆర్ మెడికల్ యూనివర్సిటీ కింద ఉన్న సెల్ఫ్ ఫైనాన్స్ కాలేజీలు ఒక రకం. మైనారిటీవి కాకపోతే వీటిలో 65 శాతం సీట్లు రాష్ట్ర కౌన్సెలింగ్‌కే వస్తాయి. ఆ సీట్లకు ఏడాది ఫీజు నాలుగు, నాలుగున్నర లక్షల చుట్టూ ఉంటుంది. అదే తరగతి గదిలో మేనేజ్‌మెంట్ కోటా పిల్ల పదమూడు లక్షలకు పైగా కడుతుంది. రెండో రకం డీమ్డ్. అక్కడ రాష్ట్ర కోటా లేదు, ఢిల్లీ నుంచి మెడికల్ కౌన్సెలింగ్ కమిటీ (ఎంసీసీ) నడిపే కౌన్సెలింగ్ ఒక్కటే. డిపాజిట్టే రెండు లక్షలు. ఏడాది ఫీజు ఇరవై లక్షలు దాటడం మామూలు. 'మన ఊరి పక్కనే కదా' అన్న కారణంతో డీమ్డ్ కాలేజీలో చేర్చేవారు ఈ తేడా గమనించాలి: దగ్గరున్నందుకు ఒక్క రూపాయి తగ్గదు.

కోటి రూపాయల అప్పు చేశారనుకుందాం. పది శాతం వడ్డీ వేస్తే ఏడాదికి పది లక్షలు, నెలకు ఎనభై మూడు వేలు వడ్డీకే పోతుంది, అసలు అలాగే ఉంటుంది. తమిళనాడు సర్కారు ఆసుపత్రిలో కొత్తగా చేరే అసిస్టెంట్ సర్జన్ మూలవేతనం 56,100. డీఏ కలిపినా ఆ వడ్డీ కట్టి ఇల్లు గడవడం కష్టం. పైగా ఎంబీబీఎస్‌తో ఆగేవారు ఇప్పుడు తక్కువ. పీజీకి మళ్లీ డబ్బు, మళ్లీ మూడేళ్లు. పొలం అమ్మి పెద్దపిల్లను డీమ్డ్‌లో చేర్చాక చిన్నవాడి చదువు ఆగిపోయిన ఇళ్లు ఊరూరా ఉన్నాయి. ఈ లెక్క పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని వేయాలి. తన పేరు మీద ఎంత అప్పు పడుతోందో తెలుసుకునే హక్కు పద్ధెనిమిదేళ్ల మనిషికి ఉంది.

ప్రైవేటు కాలేజీ ఎంచుకోక తప్పనప్పుడు చూడాల్సింది ఒకటే: రోగులు. 2025 జూన్ చివర్లో సీబీఐ పెట్టిన ఒక కేసులో మెడికల్ కమిషన్ అధికారులు, పలు ప్రైవేటు కాలేజీల వాళ్లు నిందితులు. లేని ప్రొఫెసర్లను ఉన్నట్టు, తనిఖీ రోజుకు రోగులను తెచ్చి పడుకోబెట్టినట్టు ఆరోపణలు. అవి రుజువు కావాల్సిన ఆరోపణలే గానీ, తల్లిదండ్రులు తమ కళ్లతో తేల్చుకోగలిగిన సంగతి ఇది. సోమవారమో మంగళవారమో, చెప్పకుండా, ఉదయం పదింటికి ఆ ఆసుపత్రికి వెళ్లాలి. ఓపీ చీటీ రాసే కిటికీ దగ్గర వరస ఎంత ఉందో చూడాలి. మెడిసిన్ వార్డులోకి తొంగి చూస్తే నిజంగా జబ్బుపడ్డ మనిషి తెలుస్తాడు: మంచం కింద చెప్పులు, పక్కన అన్నం క్యారియర్, కాళ్ల దగ్గర కునికే బంధువు. దుప్పటి మడత నలగని మంచాలు వరసగా ఉంటే ఆ వార్డులో విద్యార్థికి నేర్పేవారు లేరని అర్థం. ఆ తర్వాత గేటు బయట టీ కొట్టు దగ్గర హౌస్ సర్జన్లను అడగాలి, 'స్టైపెండ్ ఇస్తున్నారా, కాన్పులు మీ చేత చేయిస్తారా' అని. ప్రాస్పెక్టస్‌లో దొరకని జవాబులు అక్కడ దొరుకుతాయి.

ఆంధ్రలో సర్కారు, ప్రైవేటు మధ్య గీత ఇప్పుడు మసకబారుతోంది. 2023లో విజయనగరం, రాజమహేంద్రవరం, ఏలూరు, మచిలీపట్నం, నంద్యాలలో తెరిచిన కొత్త సర్కారు కాలేజీల్లో సగం సీట్లే మామూలు ఫీజుకు పెట్టారు. మిగతావి సెల్ఫ్ ఫైనాన్స్ కింద 12 లక్షలు, ఎన్నారై కోటాలో 20 లక్షలు. 2025లో మదనపల్లె సహా పది కాలేజీలను ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యంలో కట్టాలని కొత్త ప్రభుత్వం నిర్ణయించింది, దాని మీద పెద్ద రగడే నడిచింది. బోర్డు మీద 'ప్రభుత్వ' అని ఉన్నంత మాత్రాన లోపలి ప్రతి సీటూ సర్కారు ఫీజుది కాదు. సీటు కోటా చదివాకే సంతోషపడాలి.

విదేశాల మాట క్లుప్తంగా చాలు. ఫిలిప్పీన్స్, జార్జియా, కిర్గిజ్‌స్తాన్, రష్యా ఏజెంట్లు చెప్పే మొత్తం ఖర్చు డీమ్డ్‌లో రెండేళ్ల ఫీజుకు సమానం కావడమే ఆకర్షణ. కానీ 2021 నవంబర్ నిబంధనల ప్రకారం కోర్సు కనీసం 54 నెలలు ఉండాలి, ఇంగ్లీషులో సాగాలి, అక్కడే ఏడాది ఇంటర్న్‌షిప్ చేయాలి, తిరిగొచ్చాక ఇక్కడ మరో ఏడాది చేయాలి. మధ్యలో విదేశాల్లో చదివినవారికి పెట్టే ఎఫ్‌ఎంజీఈ పరీక్ష పాస్ కావాలి. ఇటీవలి సెషన్లలో అందులో పాసైనవారు నూటికి పది నుంచి ముప్పై మధ్య. 2022లో ఉక్రెయిన్ నుంచి చదువు సగంలో వదిలి వచ్చిన వేల మంది పిల్లల్లో మనవాళ్లూ ఉన్నారు. నీట్ కనీస అర్హత కూడా లేకుండా విదేశంలో చదివితే ఇక్కడ ప్రాక్టీసుకు చెల్లదు. ఈ ఒక్క వాక్యం చెప్పని ఏజెంటుతో మాట్లాడటం ఆపేయవచ్చు.

మరి వరస ఎలా పెట్టుకోవాలి? ర్యాంకు ఎలా ఉన్నా పైన జిప్మర్, ఎయిమ్స్ రాసుకోవాలి. 2020 నుంచి వాటికీ నీటే, విడి పరీక్షలు లేవు. జిప్మర్ ఉన్న పుదుచ్చేరి ఈ ప్రాంతానికి దగ్గర కూడా. ఆ తర్వాత చెన్నైలోని పాత సర్కారు కాలేజీలు, వాటి వెనకే అడుక్కంపారై, తర్వాత రాష్ట్రంలో ఎక్కడున్నా సర్కారు కాలేజీ. 2022 జనవరిలో ఒకేసారి తెరిచిన పదకొండు కొత్త కాలేజీల్లో తిరువళ్లూరు, కృష్ణగిరి ఉన్నాయి. కొత్తదని వాటిని కిందికి నెట్టి పేరున్న ప్రైవేటును పైన పెట్టడం పొరపాటు. రాష్ట్ర కోటాలో ప్రైవేటు సీటు నాలుగున్నర లక్షలకు వస్తే, ఇల్లు తట్టుకోగలిగితే, తీసుకోవచ్చు. అది కూడా రాకపోతే డీమ్డ్‌కు కోటి పెట్టేకన్నా ఒక ఏడాది లాంగ్ టర్మ్ చదివించడం మేలు. నీట్‌కు ఇన్నిసార్లే రాయాలన్న హద్దు లేదు. అయితే ఒక ఏడాదే, మహా అయితే రెండు. మూడోసారి, నాలుగోసారి అదే గదిలో కూర్చోబెట్టడం పిల్లల మనసు మీద చేసే అన్యాయం. నర్సింగ్, ఫార్మసీ, వెటర్నరీ ఓడిపోయినవాళ్ల చదువులు కావు.

కౌన్సెలింగ్‌లో చివరి రౌండ్ల సీటు తీసుకుని వదిలేస్తే డిపాజిట్ పోతుంది, మరుసటి ఏడాది మీద కూడా దెబ్బ పడవచ్చు. కాబట్టి చేరే ఉద్దేశం లేని కాలేజీని ఆప్షన్లలో పెట్టనే కూడదు. ఇంటర్నెట్ సెంటర్ కుర్రాడి చేతికి పాస్‌వర్డ్ ఇచ్చి 'నువ్వే పెట్టు' అనడం మానాలి. పిల్లే స్వయంగా కూర్చుని నింపాలి.

చివరగా ఒక విన్నపం. 2019లో వేలూరు జిల్లాను మూడుగా చీల్చాక రాణిపేట, తిరుపత్తూరు జిల్లాలు సర్కారు మెడికల్ కాలేజీ లేకుండా మిగిలాయి. కావేరిపాక్కం రాణిపేట జిల్లాలోనే ఉంది. ఈ ప్రాంతపు తెలుగు సంఘాలు ఉగాది సభకు వచ్చే ఎమ్మెల్యేకు, ఎంపీకి ఇచ్చే వినతిపత్రంలో ఈ కోరికను మొదటి వరసలో రాయాలి. అది వచ్చేలోగా ప్రతి జూన్‌లో బడులు తెరిచే వారం, ఆరో తరగతి పిల్లల తల్లిదండ్రులను ఒక సాయంత్రం కూర్చోబెట్టి 7.5 శాతం కోటా, నాలుగేళ్ల లోకల్ నిబంధన, సర్టిఫికెట్ల సంగతి వివరించాలి. ఇందుకు ఒక రిటైర్డ్ హెడ్‌మాస్టరు, ఒక హౌస్ సర్జన్ ఉంటే సరిపోతుంది.